అడుగు ఐదంగుళాల సందు

రేకు చుట్టూ తిరిగివచ్చింది గానీ కలవలేదు.

చర్చికి చేస్తున్న బాప్తిస్మపు తొట్టి కోసం పదడుగుల అడ్డం ఉన్న గుండ్రటి అడుగుపలక షెడ్డు మధ్యలో నేలమీద పరిచి ఉంది. ముక్కలు అతికి ముప్పై అడుగుల పొడవు చేసిన స్టీలు రేకును రోలర్లలో వంచి, పలక అంచు వెంట నిలబెట్టి, ఒక్కో క్లాంపు బిగించుకుంటూ వచ్చాడు మేస్త్రి. చివరి క్లాంపు చేతిలోనే ఉండిపోయింది. రేకు ఒక కొస ఇక్కడుంది, రెండో కొస అల్లంత దూరాన ఉంది. మధ్యలో ఖాళీ.

బావమరిది వచ్చి ఆ ఖాళీలో నిలబడి అటూ ఇటూ చూశాడు. భార్య తమ్ముడే అయినా పనిలో కుడిభుజం, నోటికి మాత్రం అదుపులేదు.

"బావా, తలుపు పెట్టే ఆలోచనుంటే ముందే చెప్పొచ్చుగా. బాప్తిస్మానికి వచ్చేవాళ్లకి నిచ్చెనెక్కే బాధ తప్పింది. నీళ్లు నిలవవు, అంతే."

మేస్త్రి నవ్వలేదు. టేపు తీసి సందు కొలిచాడు. అడుగు ఐదంగుళాలు. మళ్లీ కొలిచాడు. టేపు అవతలి చివర బావమరిదికిచ్చి ఇంకోసారి కొలిచాడు. అడుగు ఐదంగుళాలే.

ఇరవై రెండేళ్లుగా డ్రమ్ములు, నీళ్లట్యాంకులు, పొగగొట్టాలు చేస్తున్న మనిషి. అడ్డాన్ని మూడింతలు చేసి, అడ్డంలో ఏడోవంతు పైన కలిపి కొయ్యాలని అతని చేతులకు నిద్రలో కూడా తెలుసు. ఈ లెక్క తప్పి ఒక్క డ్రమ్ము పాడుచేసిన పాపాన పోలేదు. అలాంటివాడు నిన్న పాస్టరుగారు ఎదురుగా నిలబడి, "అడ్డం పది, చుట్టు ముప్పై, వాక్యంలో ఉన్నదున్నట్టు" అని చదువుతుంటే, తలవంచుకుని ముప్పై దగ్గర గీత గీసి కోసేశాడు. చాలదని తెలిసే కోశాడు. దేవుడి పాత్ర కదా, ఈ ఒక్కసారికి ఇనుము మాట వింటుందేమో అనుకున్నాడు. ఇనుము ఎవరి మాటా వినదని అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఆ వీధిలోనే లేరు.

పూర్వం ఒక రాజు కట్టించిన మందిరం ముందు ఇత్తడితో పోతపోసిన పెద్ద తొట్టి ఉండేదని, దాన్ని సముద్రం అనేవారని బైబిల్లో ఉంది. అడ్డం పది మూరలు, చుట్టు ముప్పై మూరలు. కిందటి నెల కాలేజీ లెక్చరరొకాయన ఏదో సభలో మాట్లాడుతూ, ఆ కొలతలతో ఏ గుండ్రమూ కలవదని, అందులోని భూమి వయసూ, జంతువులన్నిటినీ ఓడలో కాపాడిన లోకమంతటి వరదా కూడా ఈ బాపతు లెక్కలేనని నవ్వుతూ అన్నాడట. ఆ నవ్వు పాస్టరుగారి దాకా వచ్చింది. మూరకి అడుగు చొప్పున కొత్త బాప్తిస్మపు తొట్టి చేయిస్తాం, పక్కనే టేపు వేలాడదీస్తాం, ఆ లెక్చరరే వచ్చి అందరిముందూ కొలుచుకోమనండి అని ఆయన వేదిక మీంచి ప్రకటించేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక కొలవడం. ఇవాళ గురువారం.

మేస్త్రికి భయం వేసింది. లెక్చరరంటే కాదు. నిరుడు ఆరేళ్ల కూతురు జ్వరంతో పోయినప్పుడు, సమాధి దగ్గర పాస్టరుగారు అతని భార్య తలమీద చెయ్యిపెట్టి ఒక మాటన్నాడు. "ఈ గ్రంథంలో ఒక్క పొల్లు తప్పు లేదమ్మా. కాబట్టి చివరిదినాన పాప లేస్తుందన్న మాటా తప్పు కాదు." ఆ మాట పట్టుకునే ఆమె మర్నాడు లేచి పొయ్యి వెలిగించింది, వారం తిరిగేసరికి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇప్పుడు ఒక్కటి తప్పని తేలితే ఆ 'కాబట్టి' ఏమైపోతుంది? తను కోసిన రేకే కదా ఆమెకి ఆ సంగతి చెప్పేది. అతను క్లాంపు బల్లమీద పెట్టేశాడు.

"టార్పాలిన్ కప్పు" అన్నాడు బావమరిదితో. "మీ అక్కకి చెప్పకు."

"ఏం చెప్పకూడదు?"

"ఏదీ చెప్పకు."

ఇంటికి వెళ్లేసరికి భార్య మిషను మీద ఉంది. ఆమె దర్జీ. ముందుగది సగం ఆమె బల్లా, మడతపెట్టిన గుడ్డలే. అతను చెప్పులు విడుస్తుండగానే పాదం ఆపి అడిగింది.

"సముద్రం ఎంతదాకా వచ్చింది?"

"అయిపోవచ్చింది."

"అంచులు కలిశాయా?"

అంచుల మాట ఈవిడ నోట ఎందుకొచ్చినట్టు? తమ్ముడుగారు అప్పుడే నోరు జారాడా? "కలవక ఏం చేస్తాయి" అని మొహం కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

పళ్లెం ముందు కూర్చుని తిన్నాననిపించి లేచాడు. కుట్టిన బట్టలివ్వడానికి ఆమె పక్కింటికి వెళ్లగానే, బల్లమీది గుడ్డటేపు, ఓ దారపుకండె తీసుకుని వంటగదిలో దూరాడు. పళ్లెం అడ్డం కొలిచాడు, చుట్టూ దారం తిప్పి ఆ దారం కొలిచాడు. మూడింతలు, పైన కొంచెం. పిండిడబ్బా మూత కొలిచాడు. మూడింతలు, పైన కొంచెం. గ్లాసు, బకెట్టు అడుగు, చివరికి గోడమీది గడియారం కూడా దింపాడు. ఇంతింట్లో ఒక్క వస్తువైనా సరిగ్గా మూడింతలు ఉండకపోతుందా అని ఆశ. ఇరవై రెండేళ్లు రేకులు చెప్పిన మాట మర్చిపోయి, అక్షరం ముక్క రాని పసివాడిలా గిన్నెల వెంట పడ్డాడు. గిన్నెలన్నీ ఒకే మాటమీద ఉన్నాయి.

తలెత్తేసరికి భార్య గుమ్మంలో ఉంది. ఎంతసేపట్నించి నిలబడిందో తెలియదు.

"గడియారం ఆగిపోయిందా?"

"లేదు, దుమ్ము పట్టిందని."

"నా టేపుతో తుడుస్తున్నారా?"

ఆమె టేపు అందుకుని మెడలో వేసుకుంది, గడియారం మేకుకి తగిలించింది. ఆమె తిట్టినా బాగుండేది, ఆ ఊరుకోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. సాయంత్రపు ప్రార్థనలో ఎప్పటిలాగే పాప పేరు చెప్పి, "లేస్తుంది" అని ముగించింది. పక్కన మోకరించిన మేస్త్రి వెంటనే ఆమేన్ అనలేదు. ఆమె కళ్లు తెరిచి చూసింది. అప్పుడన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పాస్టరుగారు చెప్పాపెట్టకుండా షెడ్డుకి వచ్చాడు. టార్పాలిన్ ఎందుకని అడిగితే దుమ్మని చెప్పాడు మేస్త్రి. రెండ్రోజులుగా లోకంలో దుమ్ము తప్ప మరో కారణం దొరకడంలేదు అతనికి. పాస్టరుగారు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

సందు చూశాడు.

"ఇదేమిటి?"

"చాల్లేదు అయ్యగారూ."

"ఎంత కోశావు?"

"మీరు చెప్పినట్టు ముప్పై. మీ ముందే కదా కోశాను."

"టేపు పాతదేమో."

"అన్ని పనులూ దీంతోనే చేస్తానండి."

పాస్టరుగారు పెదవి తడుపుకున్నాడు. గొంతు తగ్గించి, ఎవరో పక్కన వింటున్నట్టు అన్నాడు. "కొలిచేవాడి చెయ్యి విశ్వాసంతో కొలవాలి మేస్త్రీ. వాక్యంలో లోపముండదు. లోపముంటే మనలోనే ఉంటుంది. పాప పోయినప్పట్నించీ నీ మనసులో ఏమైనా... ఒకసారి పరీక్షించుకో."

ఆ ఆలోచన మేస్త్రికి రాకపోలేదు. నిన్న గిన్నెలు కొలుస్తున్నప్పుడే వచ్చింది. తన చెయ్యి మంచిది కాదేమో, అందుకే పాప కూడా నిలవలేదేమో అని. మనసు మూలలో ఉన్నదాన్ని ఇంకో మనిషి బయటికి లాగి షెడ్డు మధ్యలో పెట్టేశాడు. ఇంత అన్యాయపు మాట తన భార్యతో ఎవరైనా అని ఉంటే ఊరుకునేవాడు కాదు. తనతో అంటే ఊరుకున్నాడు.

బావమరిది మాత్రం ఊరుకోలేదు. టేపు తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టాడు.

"మీకు విశ్వాసం ఎక్కువ కదండీ. మీరే కొలవండి."

కాదంటే బాగుండదని ఆయన వంగాడు. తెల్లచొక్కా మోచేతులకు గ్రీజు అంటుకుంటున్నా చూసుకోలేదు. అడ్డం కొలిచాడు, పది. రేకు వెంట చుట్టూ దోగాడుతూ కొలిచాడు, ముప్పై. సందు దగ్గరికి వచ్చాడు. అక్కడ కొలవకుండానే టేపు చుట్టేశాడు. అది చూసి మేస్త్రికి ఒక్కసారిగా అర్థమైంది. ఈయనకి ముందే తెలుసు. ఏ పళ్లెం చుట్టో దారం తిప్పి చూసుకునే వచ్చాడు.

"ఏదో ఒకటి చెయ్యి మేస్త్రీ" అన్నాడు పాస్టరుగారు, నేలమీదే కూర్చుండిపోయి. "ఎల్లుండి ఆయన వస్తాడు. జనం చూస్తారు. ఎన్ని సమాధుల దగ్గర నిలబడి ఎంతమందికి మాటిచ్చానో నీకు తెలియదు. ఒక్కటి జారితే అవన్నీ..."

మాట పూర్తిచెయ్యకుండానే లేచి, మోకాళ్లు దులుపుకుని వెళ్లిపోయాడు. కోపమూ దులుపుకున్నట్టే ఉంది, వంగిన నడుముతో పోయాడు. మేస్త్రికి మాత్రం భయం రెట్టింపైంది. ధైర్యం చెప్పాల్సినాయనే దడుచుకుంటే ఇక ఎవరి దగ్గరికి పోయి చెప్పుకోవాలి?

శనివారం తెల్లవారగానే షెడ్డు తీసి, ఆ భాగం తనే చదువుకున్నాడు. ఇప్పటిదాకా ఒకరు చదివితే వినడమే తప్ప, తనంతట తాను ఎన్నడూ పుస్తకం విప్పినవాడు కాదు. గుడ్డతో వేలు తుడుచుకుని, వరసల కింద జరుపుకుంటూ, కూడబలుక్కుంటూ చదివాడు. పది, ముప్పై, లోతు ఐదు. పాస్టరుగారు ఎప్పుడూ అక్కడితో ఆపేసేవాడు. ఇంకాస్త కిందికి పోతే మందం బెత్తెడని, అంచు గిన్నె అంచులా, విచ్చిన పువ్వులా ఉండేదని ఉంది.

మేస్త్రి వేలు అక్కడ ఆగింది. అంచు విరిసిన పాత్రని తను ఎలా కొలుస్తాడు? కర్ర మూతిమీద అడ్డంగా పెడతాడు, ఈ అంచు చివర్నించి ఆ అంచు చివరిదాకా. దారం? విరిసిన అంచుమీద దారం నిలుస్తుందా, జారిపోదూ? దారం అంచు కింద, మెడకి కడతాడు. పనివాడెవడైనా అంతే.

సుద్దముక్క తీసి నేలమీద లెక్క వేశాడు. ముప్పై అడుగుల చుట్టుకి అడ్డం తొమ్మిదడుగుల ఆరున్నర అంగుళాలు. పదికి ఐదున్నర తక్కువ. రెండు పక్కలా పంచితే ఒక్కో పక్కకి రెండు ముప్పాతిక. నాలుగు వేళ్లు చేర్చి నేలమీద ఆనించి చూసుకున్నాడు. బెత్తెడుకి వెంట్రుకవాసి తక్కువ. పుస్తకం బెత్తెడని చెప్పింది మందానికి, అంచు వెడల్పుకి కాదు. అసలు ఆ రాసినవాళ్లు ఇలాగే కొలిచారో లేదో చెప్పేవాళ్లెవరూ లేరు. అయినా అతను లేచి గ్యాసుకట్టరు అందుకున్నాడు.

అడుగుపలకను చుట్టూ కొంచెం కోసి చిన్నది చేశారు. రేకును మళ్లీ నిలబెట్టారు. ఈసారి రెండు కొసలూ వచ్చి ఒకదాన్నొకటి తాకాయి. బావమరిది ఈల వేశాడు. పైన పట్టీ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా సుత్తితో బయటికి విరుచుకుంటూ అంచు అతికారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పొద్దు వాలేవేళకి మూతిమీద టేపు అడ్డంగా పెడితే పది, అంచు కింద తాడు కట్టి కొలిస్తే ముప్పై.

"బావా, నువ్వు రాజుగారి కాలంలో పుట్టాల్సినవాడివి" అన్నాడు బావమరిది.

మేస్త్రికి సంతోషం వెయ్యలేదు. మునుగుతున్నవాడికి కాలు నేలకి తగిలినట్టయింది, అది రాయో బురదో తెలియలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక జనమంతా చర్చి ఆవరణలో తెచ్చిపెట్టిన తొట్టి చుట్టూ మూగారు. లెక్చరరు వచ్చాడు. వయసు పెద్దగా లేదు, మర్యాదగానే ఉన్నాడు. వేలాడదీసిన టేపు తీసుకుని మూతిమీద కొలిచాడు. చుట్టూ కొలవబోయి, విరిసిన అంచు చూసి ఆగి, మేస్త్రి మొహంలోకి చూశాడు. మేస్త్రి అంచు కిందికి చూపించాడు. లెక్చరరు అక్కడే తాడు తిప్పి కొలిచి, నవ్వి, అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

"తెలివైన పని. అప్పుడు కొలిచినవాళ్లు ఇలా కొలిచి ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను." తర్వాత ఇతరులకు వినబడకుండా అడిగాడు. "కానీ అంచు కింద కొలిచామని రాసుందా మేస్త్రీ?"

"లేదండి."

"అదీ సంగతి" అన్నాడు లెక్చరరు, మెల్లగా.

అప్పటికే పాస్టరుగారు చేతులు పైకెత్తి కేక వేశాడు. అంగుళం తప్పలేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. ఆయన మొహంలో నెత్తురు తిరిగి వచ్చింది. రెండ్రోజుల కింద నేలమీద కూర్చున్న మనిషి ఈయనేనా అనిపించింది. మేస్త్రి భుజం చుట్టూ చెయ్యివేసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"వచ్చే ఏడాది ఓడ! మూడువందల మూరలు! జంతువులన్నీ పట్టేటట్టు, మన మేస్త్రి చేతులమీదుగా!"

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. మూడువందల మూరలట. ఆ జంతువులన్నిటికీ అందులో జాగా చూపించాలి, తర్వాత అంత నీరు ఎటు పోయిందో చూపించాలి, లోకం ఆరు రోజుల్లో పుట్టినట్టు లెక్క చూపించాలి. ప్రతిచోటా ఎవడో ఒకడు టేపు పట్టుకుని వస్తాడు. తనేమో పాపని తీసుకెళ్లి రెండు ముప్పాతిక అంగుళాల రేకుమీద నిలబెట్టాడు. ఇలా ఎన్ని అంచులు విరవగలడు?

ఇంటికి నడిచి వస్తున్నారు భార్యాభర్తలు. ఎండ చురుక్కుమంటోంది. వీధిలో దుకాణాలు మూసి ఉన్నాయి. సగం దూరం వచ్చాక ఇక మొయ్యలేక చెప్పేశాడు.

"ఆ తొట్టి మొదట కలవలేదు. నీ దగ్గర దాచాను. అడుగు ఐదంగుళాలు చాల్లేదు."

"తెలుసు."

"నీ తమ్ముడు చెప్పాడా?"

"వాడెందుకు చెప్పాలి? పాస్టరుగారు చదివిన రోజే తెలుసు. పది అడ్డం ఉన్న గొడుగు గౌనుకి అంచు చుట్టూ ముప్పై లేసు సరిపోతుందా? ఎన్ని కుట్టలేదు నేను."

మేస్త్రి నడక ఆపేశాడు. "మరి నాతో అనలేదేం?"

"మీరు భయపడతారని."

మూడ్రోజులుగా అతను ఏ మాట నోట్లో కుక్కుకుని తిరిగాడో, సరిగ్గా ఆ మాటే ఆమె అంది.

"నీకు భయం వెయ్యలేదూ?"

"ఎందుకు వెయ్యలేదు? మీరు గడియారం దింపి కొలుస్తుంటే నాకు ఊపిరాడలేదు. లెక్క గురించి కాదు. ఆ రేకు కలవకపోతే మీరు పాపని కూడా వదిలేసుకుంటారేమోనని."

"ఆయన ఆరోజు అన్నాడు కదా. ఒక్క పొల్లు తప్పు లేదు, కాబట్టి..."

"ఆరోజు ఆయనేమన్నారో నాకు వినబడనే లేదు. తర్వాత మీరు పదేపదే చెప్తుంటే తెలిసింది." ఆమె చేతిలోని సంచి రెండో చేతికి మార్చుకుంది. "లేస్తుందని నేనూ నమ్ముతున్నాను. ఎందుకని అడిగితే చెప్పడం రాదు. ముప్పై సరిపోయిందని మాత్రం కాదు."

"మరి వాళ్లు అలా ఎందుకు రాశారు?"

"నాకేం తెలుసు? పాప నడుమెంతో తెలుసా మీకు?"

అతనికి తెలియదు. వీధిలో ఉన్న ప్రతి ట్యాంకు చుట్టుకొలతా చెప్పగలడు, అది మాత్రం తెలియదు.

"పందొమ్మిదిన్నర. టేపు చుట్టగానే పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టేది, సన్నగా ఉన్నానని చూపించుకోడానికి. నేను నా కొలతల పుస్తకంలో ఇరవై ఒకటి రాసేదాన్ని. అబద్ధం రాశానా?"

"ఇరవై ఒకటెందుకు?"

"ఎదుగుతుంది కదా అని."

మేస్త్రి మూసి ఉన్న ఒక దుకాణం మెట్టుమీద కూలబడ్డాడు. సమాధి దగ్గర రాని ఏడుపు, ఏడాదిగా రాని ఏడుపు, నడివీధిలో, పట్టపగలు వచ్చేసింది. పోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు. ఆమె సంచి కిందపెట్టి, అతనికి అడ్డంగా కాసేపు నిలబడింది. తర్వాత పక్కనే మెట్టుమీద కూర్చుంది.

"ఇంకా ఏమేం రాశావు?" అన్నాడు మొహం తుడుచుకోకుండానే.

"భుజం తొమ్మిదిన్నర. పది రాశాను."

"ఇంకా?"

"చెయ్యి పొడుగు పదిహేను. పదహారు రాశాను. మెడ పదిన్నర, దానికి మాత్రం ఏమీ కలపలేదు, బిగుతుగా లేకపోతే గోల చేసేది..."

ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోయింది, అతను వింటూ కూర్చున్నాడు.